సర్రీ, ‘డాకూ’, దారి తప్పే కుర్రాళ్ళు: తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడా పడమటి కొసన సర్రీ అనే ఊళ్ళో ఉంటున్నాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా “అక్కడ పంజాబీ గ్యాంగులు కాల్చుకుంటారట కదా, జాగ్రత్త” అంటారు. మా ఇంటికొచ్చిన మనవాళ్ళేమో అరలోంచి ‘డాకూ’ అనే నవల తీసి, అట్ట అటూ ఇటూ తిప్పి, “ఇదేంటి?” అనేవాళ్ళు. రెండు ప్రశ్నలకీ జవాబు ఒక్కచోటే ఉంది. ప్రతిసారీ మొదటినుంచి చెప్పలేక ఇలా రాసిపెడుతున్నాను. వచ్చిన కొత్తలో మూడేళ్ళు న్యూటన్ పేటలో ఒక పంజాబీ వాళ్ళింటి బేస్‌మెంట్‌లో అద్దెకున్నాను. అందుకని ఇందులో కొంత పుస్తకంలోంచి వచ్చింది, కొంత వాళ్ళ వంటింట్లోంచి వచ్చింది.

ఎవరీ రచయిత?

రంజ్ ధాలీవాల్. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో, వాంకూవర్‌కి దగ్గర్లో ఉన్న ఈ సర్రీ మనిషే. సిక్కు. 2006లో ‘డాకూ’ అనే నవల రాశాడు. న్యూ స్టార్ బుక్స్ అని వాంకూవర్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థ దాన్ని వేసింది. 2011లో రెండో భాగం వచ్చింది. సిక్కు సమాజం పనుల్లోనూ, చెడు దారి పట్టే ప్రమాదమున్న కుర్రాళ్ళతో చేసే పనిలోనూ తిరిగే మనిషి.

ఇంత చిన్నగా చెబితే గొప్ప విషయంలా అనిపించదు. కానీ సర్రీలో పుట్టిన పదిహేనేళ్ళ పిల్లాడి వైపు నుంచి చూడండి. వాడు బళ్ళో చదివిన నవలల్లో వాడి వీధి లేదు, వాడి ఇంటిపేరు లాంటి ఇంటిపేరు లేదు, వాడి బామ్మ లాంటి బామ్మ లేదు. మొదటిసారి ఒక పుస్తకంలో అవన్నీ కనిపించాయి. కనిపించింది మంచి సందర్భంలో కాదనుకోండి. అయినా కనిపించాయి.

‘డాకూ’ అంటే?

మన బందిపోటే. ఆ మాట వినగానే మనకు గుర్రం, ముసుగు, ఉన్నవాణ్ణి కొట్టి లేనివాడికి పెట్టే వీరుడు గుర్తొస్తారు. పంజాబీ వాళ్ళకీ అంతే. మొగలుల మీద తిరగబడ్డ దుల్లా భట్టి పేరు ఇప్పటికీ లోహ్రి పండగ పాటల్లో వినిపిస్తుంది. చలిమంట చుట్టూ చేరి చిన్నపిల్లలు కూడా పాడతారు. డాకూ అన్న మాటలో ఆ వెలుగు కాస్త అంటుకుని ఉంది. నవలకి ఆ పేరు పెట్టడంలోనే ఒక ఎత్తిపొడుపు ఉందని నాకనిపిస్తుంది. వీధి మూల కారులో కూర్చుని ఫోన్ కోసం ఎదురుచూసే కుర్రాడు తనని తాను ఏ వంశంలో లెక్కేసుకుంటున్నాడో ఆ ఒక్క మాటలో తెలిసిపోతుంది.

నవల్లో కథేంటి? డిటెక్టివ్ నవలా?

కాదు. మనకి నేరకథ అంటే డిటెక్టివే. అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకుని దుప్పట్లో చదివేవాళ్ళం, చివరి రెండు పేజీలు ఎవడో చింపేసి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. అందులో కథ చివర ఒక తెలివైన మనిషి గదిలో అందరినీ కూర్చోబెట్టి ముడి విప్పుతాడు. ‘డాకూ’లో ఆ మనిషి లేడు. రూబీ పంఢేర్ అనే కుర్రాడే “నేను” అంటూ మొత్తం చెబుతాడు. చిన్న చిన్న దొంగతనాలు, ఆ తర్వాత మాదకద్రవ్యాల వ్యాపారం, తుపాకులు. హంతకుడెవరో మొదటినుంచీ తెలుసు. తెలియనిదల్లా వాడిక్కడిదాకా ఎలా వచ్చాడన్నదే.

రెండో భాగం సంగతి చెప్పను. చదవాలనుకునేవాళ్ళు తిట్టుకుంటారు.

ఇదంతా నిజంగా జరిగిందా?

నవల కల్పితం. దాని వెనకున్న కాలం మాత్రం కల్పితం కాదు.

1990ల మొదట్లో వాంకూవర్‌లో డోసాంజ్ అన్నదమ్ములు, భిందీ జోహల్ అనే ఇంకో కుర్రాడు మాదకద్రవ్యాల వ్యాపారంలో ఎదురెదురు పడ్డారు. 1994లో రెండు మూడు నెలల తేడాలో అన్నదమ్ములిద్దరినీ కాల్చి చంపారు. జోహల్‌తో పాటు మరికొందరి మీద కేసు నడిచింది. 1995లో అందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. తర్వాత తేలిందేమిటంటే, విచారణ నడుస్తున్న రోజుల్లోనే జ్యూరీలో ఉన్న ఒకామెకు ముద్దాయిల్లో ఒకడితో సంబంధం ఉంది. న్యాయానికి అడ్డుపడిందని 1998లో ఆమెకే శిక్ష పడింది. సినిమాలో పెడితే “మరీ అతి” అంటాం.

అదే ఏడాది డిసెంబర్‌లో వాంకూవర్‌లోని ఒక నైట్‌క్లబ్‌లో, వందలమంది చిందులేస్తున్న చోట, జోహల్ తల వెనక ఎవరో తుపాకీ పెట్టి కాల్చారు. అప్పటికి వాడికి 27 ఏళ్ళు. అంతమందిలో ఒక్కరూ చూశామని ముందుకు రాలేదు.

వాడు చచ్చాడు కానీ వాడి బొమ్మ చావలేదు. టీవీ కెమెరా ముందు నిలబడి శత్రువుని వెటకారం చేసిన మొహం అది. ఖరీదైన బట్టలు, ఖరీదైన కారు, భయంలేని మాట. తెల్లపిల్లలు బళ్ళో “హిందూ” అని ఎగతాళి చేస్తే తలవంచుకున్న తరం తర్వాత, ఎవరికీ తలవంచని మన రంగు మనిషి టీవీలో కనిపించాడు. అప్పుడు బళ్ళో చదువుకుంటున్న చాలామంది పంజాబీ కుర్రాళ్ళు ఆ బొమ్మ దగ్గరే ఆగిపోయారు. ఆ తర్వాతి పదేళ్ళలో పదుల కొద్దీ ఇళ్ళల్లో పాతికేళ్ళు నిండని కొడుకుల ఫోటోలకి దండలు పడ్డాయి. ‘డాకూ’ వచ్చింది ఆ మధ్యలోనే.

పేదరికం వల్లే ఇలా తయారయ్యారా?

అందరూ ఇదే అనుకుంటారు. నేనూ అనుకున్నాను. సర్రీ గ్యాంగుల్లో కొరుకుడుపడని సంగతి ఇదే. వీళ్ళలో చాలామందికి ఇల్లుంది, అమ్మానాన్న ఇద్దరూ ఉన్నారు, ఫ్రిజ్ నిండా తిండి ఉంది, గరాజ్‌లో రెండు కార్లున్నాయి. అమెరికా మహానగరాల గ్యాంగుల గురించి చదివి వచ్చినవాళ్ళకి ఇక్కడ లెక్క కుదరదు. ఇక్కడి పోలీసులు, పరిశోధకులు కూడా ఇది తమకు వింతగానే ఉందని ఎప్పటినుంచో చెబుతున్నారు.

మరి ఏం తక్కువైంది? నాకు తెలిసినంతలో తక్కువైంది మనిషి. తండ్రి లారీ తోలుతాడు. సోమవారం పోతే శుక్రవారం వస్తాడు, లేదా రాత్రి టాక్సీ నడిపి పొద్దున్న పడుకుంటాడు. పాత తరంలో అయితే రంపపు మిల్లు. తల్లి రెండు ఉద్యోగాలు. బామ్మా తాతయ్యలు కూడా ఖాళీగా ఉండరు. ఎండాకాలం వస్తే ఫ్రేజర్ లోయలో బ్లూబెర్రీ, రాస్ప్‌బెర్రీ కోతలకి పోతారు. తెల్లవారకముందే వ్యాన్ వస్తుంది. 2007 మార్చి 7న అబ్బోట్స్‌ఫర్డ్ దగ్గర అలాంటి వ్యాన్ ఒకటి బోల్తా పడి ముగ్గురు పంజాబీ ఆడకూలీలు చనిపోయారు. ఎక్కాల్సినవాళ్ళకంటే ఎక్కువమందిని అందులో కుక్కారు. ఆ ప్రమాదంతోనే చాలామందికి ఈ ఇళ్ళు ఎవరి రెక్కల మీద లేచాయో అర్థమైంది.

మా ఇంటి ఓనరమ్మ, నేను ఆంటీజీ అనేదాన్ని, మూడింటికి నిద్రలేచి పరాఠాలు చేసేది. ఒక డబ్బా తనకి, ఒకటి మొగుడికి, ఒకటి కొడుక్కి. కొడుకు డబ్బా మీద పేరు రాసిన కాగితం అంటించి ఫ్రిజ్‌లో పెట్టేది. సాయంత్రం తను వచ్చేసరికి డబ్బా అలాగే ఉండేది. దాన్ని మళ్ళీ వేడిచేసి తనే తినేది. పిల్లాడు ఏం తిన్నాడు, ఎవరు పెట్టారు అని అడిగేది కాదు. అడిగితే జవాబు రాదని ముందే తెలుసేమో. ఆ కుర్రాడు బాగానే ఉన్నాడులెండి, ఇప్పుడు కరెంటు పని చేసుకుంటున్నాడు. కానీ బయట ఎవరో పెడుతున్నారన్న ఆ మాట దగ్గరే కథలన్నీ మొదలవుతాయి.

అసలు ఒక పిల్లాడు ఎలా చిక్కుకుంటాడు?

ఇక్కడ దాన్ని ‘డయల్-ఎ-డోప్’ అంటారు. పిజ్జా తెప్పించుకున్నట్టే. ఒక ఫోన్ నంబరు ఉంటుంది, దాన్ని ‘లైన్’ అంటారు. ఆ లైన్ ముఠాలో ‘పెద్ద’ అనిపించుకునేవాడి సొత్తు. ఫోన్, కారు, సరుకు కుర్రాడి చేతిలో పెడతారు, షిఫ్టు లెక్కన తిప్పుతారు. పట్టుబడితే పట్టుబడేది కుర్రాడు. కాల్పులు జరిగితే డ్రైవర్ సీట్లో ఉండేదీ కుర్రాడే.

ముందు ఎవరూ “రా, మత్తుమందు అమ్ము” అనరు. బడి అయ్యాక కారెక్కించుకుని బర్గర్ కొనిపెడతారు. బూట్లు కొనిపెడతారు. బళ్ళో ఎవడైనా ఏడిపిస్తే “వాడి పేరు చెప్పు” అంటారు, మర్నాటి నుంచి వాడు ఏడిపించడు. వాడిక్కావలసింది అదే, పక్కన నిలబడే అన్న. అన్న అనే మాట మనలోనూ ఎంత తేలిగ్గా అతుక్కుంటుందో మీకు చెప్పక్కర్లేదు. కొన్నాళ్ళకి “ఈ సంచీ రెండ్రోజులు మీ ఇంట్లో ఉంచు” అంటారు.

ఆ తర్వాత అప్పు. ఇదే అసలు ఉచ్చు. సరుకు పోలీసులు పట్టుకున్నా, ఇంకో ముఠా లాక్కున్నా, ఆ డబ్బు కుర్రాడి ఖాతాలో పడుతుంది. ఒక్కోసారి లాక్కునేది కూడా ఆ పెద్ద మనుషులేనని చెప్పుకుంటారు. పదహారేళ్ళవాడు అన్ని వేల డాలర్లు ఎక్కణ్ణుంచి తెస్తాడు? పనిచేసి తీర్చాలి. ఎప్పటికీ తీరదు. మన ఊళ్ళలో పాలేరు అప్పు ఎలా తీరేదో తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

వాడు చేరవేసే సరుకు కూడా పాతది కాదు. ఫెంటనిల్ అని, రవ్వంత ఎక్కువైనా ప్రాణం తీసే మత్తుమందు కలిసిన సరుకుతో చావులు పెరిగిపోయి 2016 ఏప్రిల్‌లో బ్రిటిష్ కొలంబియా ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అంటే కారులో కూర్చున్న కుర్రాడికే కాదు, తలుపు తీసి పొట్లం అందుకునేవాడికీ అది చావే.

తల్లిదండ్రులకి తెలియదా?

కొందరికి నిజంగా తెలియదు. కొందరికి తెలుసు, కానీ “తెలుసు” అని ఒప్పుకోరు. పంజాబీలో ఇజ్జత్ అంటారు, మనం పరువు అంటాం. ఇంటి గుట్టు లంకకు చేటని మనం నేర్చుకున్నట్టే వాళ్ళూ నేర్చుకున్నారు. ఉద్యోగం లేని కొడుకు కొత్త కారులో వస్తే “ఫ్రెండ్‌దట” అని తల్లే ముందుగా చెప్పేస్తుంది, మనం అడగకుండానే. కూతురు పది నిమిషాలు ఆలస్యమైతే ఇంటిల్లిపాదీ గుమ్మంలో నిలబడతారు. కొడుకు రెండు రోజులు రాకపోయినా మగపిల్లాడు కదా అంటారు. ఈ తేడా గురించి ఇక్కడి పంజాబీ ఆడవాళ్ళే గట్టిగా మాట్లాడుతున్నారు. వినాల్సిన మాట.

నోరు విప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది ఉత్త భయం. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానాన్ని బాంబు పెట్టి కూల్చి 329 మందిని చంపారు. ఆ కుట్ర మూలాలు ఈ రాష్ట్రంలోనే ఉన్నాయి. తీవ్రవాదాన్ని తప్పుపట్టిన పంజాబీ పత్రిక సంపాదకుడు తారా సింగ్ హేయర్‌ని 1988లో కాల్చారు, చక్రాల కుర్చీకి పరిమితమయ్యారు. 1998 నవంబర్‌లో సర్రీలో ఆయన సొంత ఇంటి గరాజ్‌లోనే చంపేశారు. ఈ హత్యకీ డ్రగ్స్ గ్యాంగులకీ ముడిపెట్టడం లేదు, అది వేరు. కానీ మాట్లాడినవాడికి ఏమవుతుందో ఒక ఊరు ఒకసారి చూశాక, పక్కింటి సంగతి పోలీసులకి చెప్పమంటే ఎవరు చెబుతారు?

సిక్కు మతం దీని గురించి ఏమంటుంది? కిర్పాన్ పెట్టుకుంటారు కదా?

మత్తు పదార్థాలు సిక్కు నియమాల్లో నిషిద్ధం. కిర్పాన్ దీక్ష తీసుకున్న సిక్కు ఒంటి మీద ఉండాల్సిన అయిదు గుర్తుల్లో ఒకటి, పోట్లాటకి కాదు. క్యూబెక్‌లో ఒక పిల్లాడి కేసులో 2006 మార్చిలో కెనడా సుప్రీంకోర్టు, బట్టల కింద భద్రంగా కుట్టి పెట్టుకుంటే బడికి తీసుకెళ్ళొచ్చని తీర్పిచ్చింది. గ్యాంగులకీ దానికీ సంబంధం లేదు. ఈ ప్రశ్న ఇంతమంది ఎందుకడుగుతారో నాకు అర్థం కాదు.

‘ప్రమాదంలో ఉన్న పిల్లలు’ అంటే ఎవరు? గుర్తుపట్టేదెలా?

నేరం చేసినవాళ్ళని కాదు, ఇంకా చేయనివాళ్ళని అలా అంటారు. బడికి డుమ్మాలు, రెండు ఫోన్లు, ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియని బట్టలు, పాత స్నేహితులు హఠాత్తుగా మాయం కావడం. వీటిలో ఒక్కటి కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, నాలుగూ కనిపిస్తే కూర్చుని మాట్లాడాలి. పద్దెనిమిదేళ్ళప్పుడు మొదలుపెడితే ఆలస్యమని ఇక్కడ పనిచేసేవాళ్ళందరూ అంటారు. ఆరో తరగతి, ఏడో తరగతి. అప్పుడే.

సమాజం వైపు నుంచి నిజంగా ఏం చేస్తున్నారు?

చెప్పుకోదగ్గది ‘ర్యాప్’ అనే పథకం. స్కూలు బోర్డు, నగరపాలక సంస్థ, ఆర్‌సీఎంపీ (కెనడా కేంద్ర ప్రభుత్వ పోలీసు దళం) కలిసి 2009లో మొదలుపెట్టారు. బళ్ళోవాళ్ళు ఒక పిల్లాడి గురించి చెబితే, తల్లిదండ్రులు ఒప్పుకుంటే, వాడికి ఒక మనిషిని కేటాయిస్తారు. ఆ మనిషి వాడితో కలిసి జిమ్‌కి పోతాడు, కాఫీ తాగుతాడు, ఇంటికొస్తాడు, అమ్మానాన్నతో వాళ్ళ భాషలో మాట్లాడతాడు. ఉపన్యాసం ఉండదు. గ్యాంగు అన్న చేసే పనే ఇతనూ చేస్తాడన్నమాట, ఖర్చు రాసుకోకుండా. మనిషి కొరతకి మనిషినే మందుగా వేశారు. అందుకే ఇది నాకు అన్నిటికంటే బుర్ర ఉపయోగించి చేసిన పనిలా కనిపిస్తుంది. చిక్కల్లా, ఇలాంటి మనుషులు కొందరే ఉంటారు. పిల్లలేమో వరసలో ఉంటారు.

ఆటల వైపు నుంచి కిడ్స్‌ప్లే ఫౌండేషన్ ఉంది. వాంకూవర్ పోలీసు శాఖలో పనిచేసిన కల్ డోసాంజ్ మొదలుపెట్టాడు. బాస్కెట్‌బాల్, సాకర్, ఫీజు లేకుండా. సాయంత్రం మూడు నుంచి ఆరు దాకా పిల్లాడు ఎక్కడున్నాడన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. బంతి దానికి చవకైన జవాబు.

2018 జూన్‌లో సర్రీ శివార్లలో రోడ్డు పక్కన 16, 17 ఏళ్ళ పిల్లలిద్దరిని కాల్చి పడేశారు. వారం తిరగ్గానే జనం నగర కార్యాలయం ముందు చేరారు, వేలల్లో. నేనూ వెళ్ళాను. నాకు గుర్తున్నది ఉపన్యాసాలు కాదు. నా ముందు నిలబడ్డ ఒక ముసలాయన, తెల్ల తలపాగా, చేతిలో అట్టముక్క. దాని మీద రాసింది నాకు చదవడం రాదు, పంజాబీ లిపి గురుముఖిలో ఉంది. రెండు గంటలూ ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. పక్కనున్న మనవరాలు చూసింది, సరిచేయబోయింది, ఆయన మొహం చూసి ఊరుకుంది. ఆ ఏడాదే మేయర్ వేసిన టాస్క్‌ఫోర్స్ నివేదిక వచ్చింది. అరెస్టుల గురించి కంటే చిన్న వయసులోనే పట్టించుకోవడం గురించి అందులో గట్టిగా చెప్పారు.

గురుద్వారాల్లో పనులు వేరే రకం. అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్‌లో రొట్టెలు ఒత్తడం, గిన్నెలు తోమడం, వైశాఖి ఊరేగింపులో నీళ్ళందించడం. నగర కీర్తన అనే ఆ సర్రీ ఊరేగింపుకి లక్షల్లో జనం వస్తారు, వీధుల్లో ఎవరింటి ముందు వాళ్ళే బల్లలేసి తిండి పెడతారు. సేవ అంటే అదే. సేవ మంచిదే, కానీ దాన్ని గ్యాంగులకి విరుగుడుగా చెప్పేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆదివారం రొట్టెలు ఒత్తి సోమవారం పొట్లాలు చేరవేసే కుర్రాళ్ళు ఉన్నారని ఇక్కడ అందరికీ తెలుసు.

మరి నవలా రచయిత ఇందులో ఎక్కడ పనికొస్తాడు?

మీటింగులో “గ్యాంగుల్లో చేరితే చస్తారు” అని పోలీసు చెబితే పిల్లలు ఫోన్ చూసుకుంటారు. ఆ మాట వాళ్ళకి ముందే తెలుసు. “ఆ కారెక్కిన మొదటి రోజు వాడికి ఎంత బావుంది” అని మొదలుపెట్టగలిగేవాడు కావాలి. ఆ బావుండటాన్ని ఒప్పుకోనివాడి మాట పిల్లలు నమ్మరు. నేరకథ రాసేవాడు ఒప్పుకుంటాడు. లేకపోతే కథ నడవదు. బావుండటం ఎన్ని పేజీలుంటుందో, ఆ తర్వాత ఏమవుతుందో కూడా వాడే చూపించాలి.

ఇంకో లాభం ఉంది, ఇది చాలామంది గమనించరు. కెనడాలో 12 నుంచి 17 ఏళ్ళ వాళ్ళ మీద కేసులు 2003లో వచ్చిన బాలల నేరన్యాయ చట్టం కింద నడుస్తాయి. మామూలుగా వాళ్ళ పేర్లు పత్రికల్లో వేయకూడదు. మంచి నియమమే, పిల్లాడికి రెండో అవకాశం ఉంటుంది. కానీ దానివల్ల పత్రికలో మనకు దొరికేది “16 ఏళ్ళ బాలుడు” అన్న ఒక్క ముక్క. వాడి గది, వాడి తమ్ముడు, వాడికిష్టమైన కూర, ఏవీ ఉండవు. పేరు బయటికొచ్చేది ఎక్కువగా చచ్చిపోయాకే. బతికున్నవాడి లోపల ఏం జరుగుతోందో చెప్పే చోటు నవల ఒక్కటే మిగిలింది.

ఇలాంటి పుస్తకం చదివితే పిల్లలు ఇంకా చెడిపోరా?

దీని మీద మా ఇంట్లోనే గొడవైంది. నా మాట ఇది: చెడిపోవచ్చు. “నేను” అని చెప్పే ఏ కథలోనైనా చదివేవాడు ఆ నేనులో దూరతాడు. రూబీ తెలివికి ముచ్చటపడి పుస్తకం సగంలో ఆపేసే కుర్రాడికి దానివల్ల మంచి జరగదు. పుస్తకం ఇచ్చేసి ఊరుకుంటే అది తుపాకీ బొమ్మ ఇచ్చినట్టే. పక్కన కూర్చుని “ఇక్కడ వాడు అమ్మకి అబద్ధం చెప్పాడు కదా, ఆమెకి తెలుసంటావా?” అని అడిగే మనిషి ఉండాలి. పాటల్లో, సిరీస్‌ల్లో, ఫోన్ తెరల మీద రోజంతా తుపాకులు చూసే పిల్లాడికి నవల ఒక్కటే విషం అన్నట్టు దాచిపెట్టడం మాత్రం నాకు నవ్వొస్తుంది.

పదిహేనేళ్ళ లోపు వాళ్ళకి ఇవ్వకండి. భాష పచ్చిగా ఉంటుంది, హింస ఉంటుంది.

పోలీసులతో కలిసి పనిచేస్తే కుర్రాళ్ళు నమ్ముతారా?

సగం సగం. 1990 దాకా ఆర్‌సీఎంపీలో తలపాగాతో చేరడానికే వీల్లేదు. బల్తేజ్ సింగ్ ధిల్లాన్ అనే సర్రీ కుర్రాడి కోసం ఆ నియమం మారింది. అప్పట్లో దానికి వ్యతిరేకంగా దేశమంతటా సంతకాలు సేకరించారు. ఆ కథ తెలిసిన తండ్రులకి పోలీసు యూనిఫాంలో పంజాబీ మనిషి కనిపిస్తే గర్వం. కొడుకులకి మాత్రం పోలీసు పోలీసే.

అయితే పంజాబీలంతా ఇంతేనా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళకి నేను టీ ఇవ్వను.

సర్రీ జనాభా 2021 లెక్కల్లో 5,68,322. అందులో నలుగురిలో ఒకరికి పైగా సిక్కులు. డాక్టర్లు, రైతులు, జడ్జీలు, బస్సు డ్రైవర్లు, మా పళ్ళ డాక్టరు. 2007 అక్టోబర్ 19న ఇక్కడే ఒక అపార్ట్‌మెంట్ పదిహేనో అంతస్తులో ఆరుగుర్ని ఒకేసారి చంపారు. ఆ ముఠాల్లో అన్ని రంగులవాళ్ళూ ఉన్నారు. ఏ పాపం తెలియనివాళ్ళు ఇద్దరు పోయారు. ఒకతను ఎదురు ఫ్లాట్ కుర్రాడు, ఇంకొకాయన గదిని వెచ్చబెట్టే గ్యాస్ ఫైర్‌ప్లేస్ పని చూడడానికి వచ్చిన మనిషి. గ్యాంగులకి కులగోత్రాలు అంటగట్టేముందు ఆ ఇద్దరినీ తలుచుకోండి.

ఈ జనం ఇక్కడికి ఎలా వచ్చారో కూడా తెలుసుకోవాలి. 1914 మే నెలలో కొమగాట మారు ఓడలో 376 మంది వాంకూవర్ రేవుకొచ్చారు. అందులో ఎక్కువమంది సిక్కులు. రెండు నెలలు ఓడలోనే ఆపి, ఇరవై నాలుగు మందిని మాత్రం దిగనిచ్చి, మిగతావాళ్ళని వెనక్కి తరిమారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగితే బ్రిటిష్ పోలీసులు కాల్చారు. ఈ రాష్ట్రంలో మనవాళ్ళకి ఓటు హక్కు వచ్చింది 1947లో. ఆ ఓడని తరిమినందుకు పార్లమెంటులో క్షమాపణ వచ్చింది 2016లో.

తెలుగువాళ్ళకి ఇందులో ఏం పని?

హైదరాబాద్‌లో అత్తాపూర్ దగ్గర సిక్కు ఛావ్నీ ఉందని, అక్కడి సిక్కులు తరతరాలుగా దక్కనీ మాట్లాడతారని చాలామంది మనవాళ్ళకే తెలియదు. మనకి పరాయివాళ్ళు కారు.

అంతకంటే దగ్గరి సంగతి చెబుతాను. ఇప్పుడు సర్రీ బేస్‌మెంట్లలో మన పిల్లలూ ఉంటున్నారు. ఫీజు కట్టాలి, అద్దె కట్టాలి, పని దొరకదు. “రాత్రిపూట డెలివరీ, రోజు డబ్బు రోజే, కారు మేమే ఇస్తాం” అని ఎవరైనా అంటే, ఏం డెలివరీ అని అడగండి. జవాబు సూటిగా రాకపోతే లేచి వచ్చేయండి. ఒక్క రోజు చేసి చూద్దామనుకోవద్దు, ఆ మొదటి రోజు చాలా బావుంటుంది. మన సంఘాల్లో సంక్రాంతికి ముగ్గులు, ఉగాదికి పచ్చడి బాగానే చేస్తున్నాం. పద్నాలుగేళ్ళ పిల్లాడితో కూర్చుని మాట్లాడే మనిషిని మాత్రం ఇంకా పెట్టుకోలేదు.

మీ దగ్గరున్న ‘డాకూ’ చదవడానికి ఇస్తారా?

లేదు, ఎందుకంటే ఇప్పుడది నా దగ్గర లేదు. బేస్‌మెంట్ ఖాళీ చేసేముందు ఆంటీజీ నా సామాన్లు సర్దడానికి కిందికొచ్చి అట్ట మీద పేరు చూసింది. ఆమెకి ఇంగ్లీషు రాదు. ఏముందో చెప్పమంది. నాకొచ్చిన హిందీలో రెండు పేజీలు చెప్పాను. అట్టపెట్టె మీద కూర్చుని విన్నది. మధ్యలో ఒక్కసారి “వాళ్ళమ్మ ఏం చేస్తుంది?” అని అడిగింది. చదువుతూ పోతే తెలుస్తుందన్నాను. పుస్తకం చేతిలో పట్టుకుని మెట్లెక్కి పైకెళ్ళిపోయింది. కాసేపటికి పైన కొడుకుని పిలుస్తున్న గొంతు వినబడింది.

తర్వాత ఒకటి కొన్నాను. అది కూడా ఎవరో పట్టుకుపోయారు, ఇంకా తిరిగి రాలేదు. సర్రీలో ఉంటే లైబ్రరీలో అడగండి.